తోక ఉన్నవాడు

గిరావీన్, సిడ్నీ.
18 మార్చి 1990.

ప్రియమైన లూర్దక్కకి,

సుగుణ చేసే వందనాలు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే తలుపేసుకుని చదువు. బావకి చూపించకు. ఆయన చదివితే ‘మా మరదలికి అనుమానం జబ్బు’ అని సాయంత్రానికల్లా రెంటచింతల సెంటర్లో చెప్పేస్తాడు. నాకు అనుమానం ఎక్కువే, కాదనను. వృద్ధాశ్రమంలో నర్సు పని చేసేదానికి ఆ మాత్రం అనుమానం లేకపోతే, ముసలాళ్లు మాత్రలు నాలుక కింద దాచుకుని నన్ను చూసి నవ్వుతారు.

ముందు శుభవార్త. ఎల్సాకి ఐదో నెల. సంతోషంగా రాయాలనే కూర్చున్నాను గానీ చెయ్యి సాగడం లేదు. మొదటిసారి కడుపులోనే పోయింది. రెండోవాడు పుట్టి ఒక్క పూట బతికాడు. ఫాదర్‌ని పిలిపించి ఆసుపత్రిలోనే జ్ఞానస్నానం ఇప్పించి, శౌరి అని నేనే పేరు పెట్టాను. మన తాత పేరూ నిలుస్తుంది, పునీత శౌరివారి అండా ఉంటుంది అనుకున్నాను. పేరు పెట్టిన గంటకే పోయాడు. అప్పటినుంచి ఎల్సా దగ్గర ఎవరైనా ఉయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోతుంది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే నా కూతురు మనిషి కాదక్కా. అందుకే ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా నేను చెవి ఒగ్గుతున్నాను.

అనుమానమంతా మా వియ్యంకుడి మీద. మార్క్ వాళ్ల నాన్న. ఎల్సా, మార్క్ ఉండేది అతని ఇంట్లోనే. హంగేరీలో గొడవలప్పుడు పారిపోయి వచ్చాడని, మంచుకొండల్లో డ్యాములకి సొరంగాలు తవ్వాడని పెళ్లప్పుడు రాశాను కదా. భార్య పోయింది. పేరు ఫ్రాంక్ అని చెప్పాడు, మేమూ నాలుగేళ్లుగా అలాగే పిలుస్తున్నాం. మొన్న వాళ్ల దేశపు పండగని మమ్మల్ని వాళ్ల క్లబ్బుకి భోజనానికి పిలిచారు. అక్కడి ముసలాళ్లందరూ అతని భుజం చరుస్తూ ‘ఫర్కష్, ఫర్కష్’ అంటున్నారు. ఫ్రాంక్ ఏడీ, ఈ ఫర్కష్ ఎవరు? నేను చూస్తున్నానని తెలిసి అతను గబగబా సూపు తాగడం మొదలుపెట్టాడు.

మార్క్‌ని అడిగితే, “అది డాడ్ అసలు పేరు సుగుణా” అన్నాడు. (అల్లుడు అత్తని పేరు పెట్టి పిలవడం నీకు వింత గానీ నాకు అలవాటైపోయింది.) వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత చెప్పుకుంటారట. ఆ ఒక్క విషయంలో నాకు కాస్త ముచ్చటేసింది. అయినా కన్నవాళ్లు పెట్టిన పేరు ఉండగా మనిషి ఇంకో పేరు ఎందుకు చెప్పుకుంటాడక్కా? ఇక్కడి పేపర్లలో రోజూ వస్తోంది, యుద్ధంలో ఘోరాలు చేసి, ఊరూ పేరూ మార్చుకుని ఈ దేశంలో మంచివాళ్లలా బతుకుతున్న ముసలాళ్ల గురించి. పేపరు నీ మరిది ముందు పడేస్తే, “పాపం, అతను నాకు టమాటా నారు ఇచ్చాడే” అన్నారు. నారు ఇచ్చినవాడు మంచివాడని ఆయన లెక్క.

ఇంకో వింత చెప్పి ముగిస్తాను. అల్లుడు పొద్దున్నే పాలల్లో పోసుకుని తినేదేమిటో తెలుసా? తవుడు. ఇక్కడ తవుడుకి రంగుల అట్టపెట్టె తొడిగి మనుషులకి అమ్ముతారు. మన గొడ్లు చూస్తే నవ్విపోతాయి.

జపమాలలో ఎల్సాని తలుచుకో.

నీ చెల్లెలు,
సుగుణ


గిరావీన్.
22 ఏప్రిల్ 1990.

ప్రియమైన అక్కకి,

నీ కార్డు అందింది. ‘పేరు మార్చుకున్నంత మాత్రాన దొంగ అవుతాడా’ అని రాశావు. ఇది చదివి అప్పుడు చెప్పు.

మా వృద్ధాశ్రమంలో ఒక హంగేరీ పెద్దావిడ ఉంది. ఫర్కష్ అంటే ఏమిటని అడిగాను. తోడేలు అంది. అడవిలో తిరిగే తోడేలేనా అన్నాను. ఆ తోడేలే, మగపిల్లలకి పెడతారు, పాత పేరు అంది. ‘ఎవరికి పెట్టారు?’ అని ఎదురడిగింది. నేను చెప్పకుండా వచ్చేశాను.

రెండు రోజులు పోయాక ఎల్సా దగ్గర అసలు సంగతి బయటపడింది. పుట్టబోయేది మగపిల్లాడైతే ఫర్కష్ అని పెట్టాలని తాతగారి కోరికట. పైగా బిడ్డ పుట్టేదాకా ఆ పేరు ఇంట్లో ఎవరూ పైకి అనకూడదట, ఉయ్యాల కొనకూడదట, ఉన్ని టోపీలు అల్లకూడదట. నేను అల్లిన రెండు టోపీలూ మా ఇంటికే తిప్పి పంపింది. “మామ్, ప్లీజ్, జస్ట్ డోంట్ ఆస్క్” అంది. కన్నతల్లిని ఏమీ అడగొద్దంటే ఎలా? పూజకి తప్పకుండా వచ్చే కథోలిక మనిషి, ఇంతమంది పునీతులుండగా నా మనవడికి మృగం పేరు పెట్టమంటాడా? తన పేరైతే తను దాచుకుని, దాన్ని తీసుకొచ్చి పసివాడి నెత్తిన పెడతాడా?

పాస్కా పండుగనాడు వాళ్లింట్లో బార్బెక్యూ. మాంసం కాలుస్తూ తండ్రీ కొడుకూ మాట్లాడుకుంటున్నారు. ఆ ఇంట్లోనూ మా ఇంటి తంతే. తండ్రి వాళ్ల భాషలో మాట్లాడతాడు, కొడుకు అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిస్తాడు. అందుకని నాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు. కిటికీ ఇవతల గిన్నెలు కడుగుతూ విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ముసలాయన ఏదో అన్నాడు. మార్క్, “సెల్ హిమ్? అమ్మేయాలా?” అన్నాడు. అతను మళ్లీ ఏదో అన్నాడు. “కిటికీలోంచా? డాడ్, ఇది ఆస్ట్రేలియా” అన్నాడు మార్క్. ముసలాయన గొంతు పెద్దదైంది. మార్క్ మాంసం ముక్కలు ఒక్కొక్కటీ తిరగేశాడు. చివరికి, “ఓకే, ఓకే. కానీ ఎల్సా వాళ్లమ్మకి మాత్రం చెప్పకండి. ఆవిడ మనల్ని పిచ్చివాళ్లనుకుంటుంది” అన్నాడు.

నా చేతిలో ప్లేటు జారి సింకులో పడింది. ఇద్దరూ ఒక్కసారి కిటికీవైపు చూశారు. ఎల్సాని నిలదీద్దామంటే ఆరో నెల, ఆ పిల్లని బెదరగొట్టలేను. ఆ సాయంత్రం కాఫీ ఇస్తుంటే ముసలాయన నా మొహంలోకి వంగి, నా కుడి ముక్కు మీద మచ్చ చూసి, “ఇది ఎలా?” అని అడిగాడు. చిన్నప్పుడు కంప మీద పడ్డానని, అమ్మ మనకి చెప్పిందే చెప్పాను. అతను నమ్మినట్టు లేదు. తల ఊపి, నా వంకే చూస్తూ కూర్చున్నాడు. నన్ను పరీక్ష చేస్తున్నాడక్కా, నాకెంత తెలిసిందోనని.

ఇంటికొచ్చి చెబితే నీ మరిది, “అమ్మేది బిడ్డనే అని ఎవరన్నారు, పాత కారేమో” అన్నారు. కారుని కిటికీలోంచి అమ్ముతారా అని అడిగాను. దుప్పటి కప్పుకున్నారు.

నీ చెల్లెలు,
సుగుణ


గిరావీన్.
27 మే 1990.

అక్కా,

బిడ్డ పుట్టాడు. ఏడో నెలలోనే. మగపిల్లాడు. నా రెండు అరచేతుల్లో పట్టేంత ఉన్నాడు. గాజుపెట్టెలో పెట్టారు, ముక్కులో గొట్టం, కాలికి తీగలు. నేను నర్సునే, ఇలాంటి తీగలు ఎన్నో చూశాను. అయినా ఆ గది గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోతున్నాయి. డాక్టర్లు ‘చూద్దాం’ అంటున్నారు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలుసు, దాని అర్థమూ తెలుసు.

మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి గాజుపెట్టె కొక్కేనికి ఎర్ర దారం కట్టి ఉంది. ముసలాయన పక్కన నిలబడి, పెట్టెకి నోరు ఆనించి ‘ఫర్కష్, ఫర్కష్’ అని గుసగుసలాడుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దారం తెంపి పారేశాను. వరండాలోకి పిలిచి, “మీరు ఈ బిడ్డ దగ్గరికి రావద్దు. మీ తోడేలు పేరు వీడికి అక్కర్లేదు. మీరు కిటికీలోంచి ఏం అమ్మాలనుకున్నారో నాకు తెలుసు” అన్నాను. అతను తెల్లగా పాలిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. ఏదో చెప్పబోయాడు, ఇంగ్లీషు రాలేదు. టోపీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఎల్సా నాతో మాట్లాడటం మానేసింది. “వాడిని వదలకుండా పిలిచింది ఆయన ఒక్కడే మామ్. నువ్వు మెషీన్లు చూశావు, ఆయన వాడిని చూశాడు” అంది. అది గుండెలో తగిలింది నాకు. కానీ నేను వెనక్కి తగ్గను. బిడ్డకి ఇంకా పేరు లేదు. ఫాదర్‌ని పిలిచి జ్ఞానస్నానం ఇప్పిద్దామంటే మొగుడూ పెళ్లాలూ ‘ఆగు’ అంటున్నారు. పేరు లేకుండా ఆ గాజుపెట్టెలో వాడికేమైనా అయితే?

నేను నిర్ణయించుకున్నానక్కా. ఆసుపత్రి నుంచి ఎల్సానీ బిడ్డనీ నేరుగా మా ఇంటికి తెచ్చేసుకుంటాను. ఆ ముసలాయన గడప తొక్కనివ్వను. మార్క్ వస్తే సరే, రాకపోతే వాళ్ల నాన్నతోనే ఉంటాడు. బతికిన బిడ్డని అమ్ముతానన్న ఇంట్లో నా మనవణ్ణి ఎలా ఉంచను? నువ్వు పెద్దదానివి. అమ్మ లేదు, నాన్న లేడు. నేను చేసేది సరైనదేనని ఒక్క ముక్క రాయి. నీ జవాబు వచ్చాకే ఎల్సాకి చెబుతాను.

సుగుణ


రెంటచింతల.
13 జూన్ 1990.

చెల్లీ సుగుణా,

దేవమాత నిన్నూ ఎల్సానూ బిడ్డనూ కాచుగాక. ఇక్కడ రోహిణి పోయినా ఎండ పోలేదు. రాత్రి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

నువ్వు చేసేది సరైనది కాదు. ముందు ఆ ముక్క రాసేస్తున్నాను.

నిన్నొకటి అడుగుతాను. నీకూ నాకూ మధ్య తొమ్మిదేళ్లు ఎందుకు ఖాళీ అని ఎప్పుడైనా అనుకున్నావా? ఇద్దరో ముగ్గురో పోయారని విన్నావు గానీ ఎలా పోయారో వినలేదు. ముగ్గురు. జోజప్ప, అన్నమ్మ, రాయప్ప. ముగ్గురికీ పునీతుల పేర్లే, ముగ్గురూ పురిట్లోనే పోయారు. రాయప్పని నేను ఎత్తుకున్నాను కూడా. ఆ తరవాత నువ్వు కడుపున పడ్డావు. అమ్మ ఆ నెలలన్నీ ఒక్క గుడ్డ కుట్టలేదు, ఉయ్యాల దింపలేదు. ఎవరైనా అడిగితే కడుపులో గడ్డ అనేది.

నువ్వు పుట్టావు. పిల్లిపిల్లంత ఉన్నావు. మన నాన్న ఉపదేశి. ఊరూరా తిరిగి ఇలాంటి ఆచారాలు పాపమని చెప్పే మనిషి. నాన్న జపాలు చెప్పడానికి మాచర్ల వైపు వెళ్లిన రోజు చూసుకుని, అమ్మ నిన్ను తీసుకెళ్లి దొడ్లో పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. నీకు కోపం రావచ్చు, పూర్తిగా చదువు. ఎదురింటి సాయమ్మ, ఏడుగురు బిడ్డల తల్లి, ఒక్కరినీ పోగొట్టుకోనిది, వచ్చి నిన్ను ఎత్తుకుని “నాకు పెంటలో పిల్ల దొరికింది, ఎవరైనా కొంటారా” అంది. అమ్మ “చేటెడు తవుడిస్తాను, అమ్ముతావా” అంది. ఆ చేట మోసింది నేనే. తవుడు పోసి నిన్ను కొన్నాం. సాయమ్మే కుడి ముక్కు కుట్టి రాగి తీగ పెట్టింది. కంప కాదు, ఏమీ కాదు. ఆడపిల్లకి ఎడమ ముక్కు కుడతారు గదా, నీకు కుడివైపు మచ్చ ఎందుకుందో నర్సువై ఉండి కూడా అనుమానం రాలేదా? ప్రపంచం మీదంతా అనుమానమే నీకు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ సంగతి.

నీ పేరు పెంటమ్మ. చావు వచ్చి పేరు అడిగితే అసహ్యించుకుని పోవాలని.

నాన్న తిరిగొచ్చి నీ ముక్కున తీగ చూశాడు. అమ్మ తలుపు వెనక దాక్కుంది. నాన్న నిన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరవాత “ఏమే పెంటమ్మా” అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఫాదర్ గారి దగ్గర సుగుణకుమారి అని రాయించాడు గానీ, నువ్వు బడిలో చేరేదాకా ఆ పేరు ఆయన నోట రాలేదు. ఉపదేశి ఇంట్లో ఇలా జరిగిందని తెలిస్తే ఆయన పని పోతుందని, అమ్మ నాతో దేవమాత స్వరూపం ముందు ఒట్టు వేయించింది. అమ్మ పోయింది, ఒట్టూ ఆమెతోనే పోయింది. అందుకే రాస్తున్నాను.

మీ వియ్యంకుడు అమ్ముతానన్నది ఎందుకో నాకు తెలియదు. ఆ దేశం నేనెరగను. కానీ తోడేలు అని పేరు పెట్టి, ఉయ్యాల కొనొద్దని, పేరు పైకి అనొద్దని చెప్పే ముసలివాడు నాకు మన అమ్మలా కనిపిస్తున్నాడు. ముందు వెళ్లి అడుగు.

నీ అక్క,
లూర్దమ్మ


గిరావీన్.
22 జూలై 1990.

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివాక నేను అద్దం ముందు కూర్చుని ముక్కు పట్టుకుని ఎంతసేపు ఉన్నానో నీ మరిదిని అడిగితే చెబుతారు. ఆయన రెండుసార్లు టీ పెట్టి తెచ్చారు, రెండూ చల్లారిపోయాయి. నీ మీద కోపం వచ్చింది, అమ్మ మీద వచ్చింది. నాన్న ‘ఏమే పెంటమ్మా’ అన్నాడన్న దగ్గర మాత్రం ఏడుపు ఆగలేదు. బడిలో చేరకముందు నాన్న నన్ను ఏమని పిలిచేవాడో నాకు అసలు గుర్తు లేదక్కా. అన్నిసార్లు పిలిచి ఉంటాడు కదా.

మర్నాడు వాన. గొడుగేసుకుని వియ్యంకుడి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను కుడి ముక్కు మీద వేలు పెట్టి, “తవుడు” అన్నాను. తరవాత నాకొచ్చిన ఇంగ్లీషులో, అతనికి అర్థమయ్యే ఇంగ్లీషులో, పెంటకుప్పతో సహా అంతా చెప్పాను. అతను కుర్చీలో కూలబడ్డాడు. “ఐ న్యూ. మా ఊళ్లో చెవికి చిన్న గాటు పెట్టిన పిల్ల ఒకతె ఉండేది. నీ ముక్కు చూసి అనుకున్నాను, నీకు తెలుస్తుంది అనుకున్నాను” అన్నాడు. అతను ఆ రోజు నన్ను పరీక్షించలేదక్కా, తోడు వెతుక్కున్నాడు.

అతనికి ముందు ముగ్గురు పోయారట. నాకు ముందు పోయినట్టే. వాళ్ల నాయనమ్మ అతనికి తోడేలని పేరు పెట్టి, కిటికీలోంచి పొరుగావిడకి అమ్మేసి, వీధి గుమ్మంలోంచి ఆవిడ బిడ్డగా ఇంట్లోకి తెప్పించుకుందట. చావు వచ్చినా, ఈ ఇంట్లో బిడ్డ లేడు, ఉన్నది ఎవరిదో తోడేలు పిల్ల అనుకోవాలని. మరి ఫ్రాంక్ ఎవరని అడిగాను. సొరంగాల దగ్గర తోటి పనివాళ్లు అర్థం తెలుసుకుని రోజూ తోడేలులా ఊళలు వేసేవాళ్లట. విసిగిపోయి ఫ్రాంక్ అన్నాడట. నేను అతని మీద వేసిన యుద్ధమూ ఘోరాలూ అన్నీ ఆ ఊళల్లో కలిసిపోయాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గొడుగు మడతపెడుతూ కూర్చున్నాను.

ఇంకో మాట చెప్పాడు. ఫర్కష్ అంటే మాటకి మాట తోడేలు కూడా కాదట. తోక ఉన్నవాడు అని అర్థమట. వాళ్ల పూర్వులు ఆ మృగం అసలు పేరు పలికితే అది వచ్చేస్తుందని భయపడి, ‘ఆ తోక ఉన్నవాడు’ అనేవాళ్లట. అలా అనగా అనగా అసలు పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయిందట. “మా ఊళ్లోనూ చీకటి పడితే పాముని పాము అనం, పురుగు అంటాం” అన్నాను. అతను పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నేను తెంపేసిన దారం గురించి ఇద్దరం మాట్లాడలేదు. లేచి వస్తుంటే సొరుగు తీసి, దిష్టి తగలకుండా కట్టే ఆ ఎర్ర దారపు ఉండ నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం గాజుపెట్టెకి నేనే కట్టాను. ఎల్సా చూసింది, నా భుజం మీద తల ఆనించింది.

వాడు దక్కాడక్కా. గొట్టం తీసేశారు, పాలు తాగుతున్నాడు. పోయిన ఆదివారం ఇంటికి తెచ్చారు, మా ఇంటికి కాదు, వాళ్లింటికే. కొనేదాన్ని నేనే అని పట్టుబట్టాను. ఇక్కడ చలికాలం, పెరట్లో కిటికీ కింద శాలువా కప్పుకుని నిలబడ్డాను. మార్క్ బిడ్డని కిటికీలోంచి పట్టుకుని, పక్కింటివాళ్లు చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు. వెనకనుంచి ముసలాయన వాళ్ల భాషలో ఏదో అడిగాడు. “ఏమిచ్చి కొంటావని అడుగుతున్నాడు” అన్నాడు మార్క్. నేను శాలువా కిందనుంచి అల్లుడి తవుడు అట్టపెట్టె తీశాను. చేట లేదు, సలాడ్ గిన్నెలో నిండా పోసి కిటికీలోకి అందించాను. “అది నా బ్రేక్‌ఫాస్ట్” అన్నాడు మార్క్. ఎల్సా నవ్వింది. రెండేళ్ల తరవాత ఆ పిల్ల నోరు తెరిచి నవ్వడం విన్నాను.

బిడ్డని గుండెకి అదుముకుని ఇల్లు చుట్టి వీధి గుమ్మంలోకి వచ్చి, “నేను కొనుక్కున్న పిల్లాడు, కాస్త పెంచి పెడతారా” అని ఎల్సా ఒళ్లో పెట్టాను. కాబట్టి బేరం ప్రకారం వాడు నావాడు. ఈ సంగతి వాళ్లు మర్చిపోకుండా అప్పుడప్పుడు గుర్తుచేస్తున్నాను. ఫాదర్‌ని అడిగితే ఫర్కష్ పేరుకి పునీతుడు కూడా ఉన్నాడట. పునీత వుల్ఫ్‌గాంగ్‌ని హంగేరీలో ఆ పేరుతోనే పిలుస్తారట, అక్టోబరు ఆఖరున పండుగ. జ్ఞానస్నానం ఆ పేరుతోనే జరుగుతుంది. ఇంట్లో మాత్రం కొన్నదాని ఇష్టం. పెంటయ్య అంటున్నాను. ఎల్సా అర్థం అడిగింది, చెప్పాను. “రబిష్? రియల్లీ, మామ్?” అని, వంగి వాడి చెవిలో “పెంటయ్యా” అంది. ఆస్ట్రేలియా యాసలో ఆ మాట నువ్వు వినాలి.

వియ్యంకుడి మీద అనుమానం పూర్తిగా పోయిందనుకోకు. పేకాటలో ముక్కలు దాస్తాడు, కళ్లారా చూశాను. నీ మరిది మాత్రం ఇప్పటికీ టమాటాల గురించే మాట్లాడుతున్నారు.

సాయమ్మ పిల్లలు ఎవరైనా ఊళ్లో ఉంటే, వాళ్లమ్మ అమ్మిన పిల్ల బాగుందని, మనవణ్ణి కొనుక్కుందని చెప్పు.

నీ చెల్లెలు,
పెంటమ్మ